జాగ్రత్త ఒక్కటే కాపాడదు: మహారాష్ట్ర సరిహద్దు చేలల్లో ప్రమాదాలు ఎక్కడ పుడుతున్నాయి, ఎక్కడ ఆపొచ్చు

సోయా నూర్పిడి మిషన్‌లో చెయ్యి పోయిన కూలీ పేరు దవాఖాన రిజిస్టర్‌లో ఉంటుంది. మోటర్ వేయబోయి షాక్ తగిలి చనిపోయిన రైతు పోలీస్ స్టేషన్‌లో ‘ఆకస్మిక మృత్యువు’ కింద నమోదవుతాడు. ట్రాలీ బోల్తా పడి పోయిన ఆడకూలీలు రోడ్డు ప్రమాదాల లెక్కలోకి వెళ్తారు. పత్తికి మందు కొడుతూ పడిపోయినవాడిది ‘పాయిజనింగ్ కేసు’. ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లనూ అదే మాట కింద రాస్తారు. వీళ్లంతా చేను పనిలో ఉండగానే దెబ్బతిన్నారు. ఆ సంగతి ఒక్కచోట చేర్చి చూపించే పుస్తకం మాత్రం ఊళ్లోనూ, తాలూకాలోనూ కనబడదు. ఒకచోట కనబడనప్పుడు ఒకే సమస్యగానూ తోచదు.

పెన్‌గంగ, ప్రాణహిత వెంబడి కిన్వట్, మాహూర్, పాండర్‌కవడ, ఝరీ జామణి, కోర్పణా, రాజురా, సిరోంచా వైపు తెలుగు మాట్లాడే ఊళ్లలో పత్తి, సోయా, కంది పండిస్తారు. సిరోంచా వైపు వరి, మిర్చి కూడా ఉన్నాయి. ఈ ఊళ్లలో ప్రమాదం జరిగాక రెండు మాటలు వినబడతాయి. ‘వాని రాత అంతే’ అని ఒకరు, ‘చూసుకొని చేసుకోవద్దా’ అని ఇంకొకరు. రెండు మాటలూ మనిషి దగ్గరే ఆగిపోతాయి. మిషన్‌నీ, వైరునీ, మందు డబ్బానూ ఎవరూ తిప్పి చూడరు.

పొద్దున ఏడింటికి ఉన్న చురుకు మనిషికి రాత్రి తొమ్మిదింటికి ఉండదు. పొలంలో ఘోరాలు ఎక్కువగా జరిగేది ఆ అలసిన వేళల్లోనే. అందుకే మనిషి ఏమరుపాటుగా ఉన్నా దెబ్బ తగలకుండా ఆపే ఏర్పాటు ముందే మిషన్‌కు బిగించి ఉండాలి, వైరుకు కట్టి ఉండాలి, మందు కలిపే లెక్కలోనే ఉండాలి. ఒక్కో పనిలో ఆ ఏర్పాటు ఏమిటో, అది లేకపోతే ఏం జరుగుతుందో చూద్దాం.

మందు కొట్టే పని

2017లో జూలై నుంచి నవంబర్ దాకా యవత్‌మాళ్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. 800 మందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు. ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది, కొన్ని మందుల అమ్మకాన్ని కొంతకాలం ఆపింది. పడిపోయినవాళ్లలో కూలికి మందు కొట్టేవాళ్లు చాలామంది. ఆ ఏడు చాలా చేలల్లో పత్తి మనిషి ఎత్తుకు పెరిగింది. నడుము ఎత్తు చెట్టుకు కొడితే జల్లు కిందికి పోతుంది. తలెత్తు చెట్టుకు కొట్టాలంటే మందు చిమ్మే గన్ పైకెత్తాలి, అప్పుడు జల్లు ముఖం మీదికీ మెడ మీదికీ దిగుతుంది. దానికి తోడు రెండు మూడు మందులు ఒకే పంపులో కలిపారు. ధార ఎక్కువగా వచ్చే బ్యాటరీ పంపులు వాడారు. ఎండా ఉక్కా వేరే.

మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్, క్లోరిపైరిఫాస్ ఒకే జాతి మందులు. మన నరాలు కండరాలకు, గ్రంథులకు పని చెప్పడానికి ఎసిటైల్‌కొలీన్ అనే పదార్థాన్ని వదులుతాయి. పని కాగానే దాన్ని తుడిచేయడానికి కొలీన్‌ఎస్టరేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఈ జాతి మందులు ఆ ఎంజైమ్‌ను పని చేయనివ్వవు. దాంతో నరం ఇచ్చిన ఆజ్ఞ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. నోట్లో చొంగ, కళ్లలో నీళ్లు, చెమట, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. కంటిపాప సూదిమొనంత అవుతుంది, చూపు మసకబారుతుంది. కండరాలు అదురుతాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరి, ఊపిరి తీసే కండరాలు చతికిలబడితే ప్రాణం పోతుంది.

దెబ్బతిన్న ఎంజైమ్ మళ్లీ మామూలు స్థాయికి రావడానికి వారాలు పడుతుంది. నిన్న కొట్టిన మందు దెబ్బ ఈ రోజు ఇంకా మిగిలే ఉంటుంది. వరసగా నాలుగు రోజులు కొట్టి నాలుగో రోజు పడిపోయినవాణ్ని పడేసింది ఆ ఒక్క రోజు మందే కాదు, మొదటి మూడు రోజులవీ అందులో ఉన్నాయి. సొంత చేనుకు ఏడాదిలో కొన్నిసార్లే కొట్టుకునే రైతుకూ, సీజన్ పొడుగునా పది మంది చేలకు కొట్టే కూలీకీ ముప్పులో తేడా ఇక్కడే వస్తుంది. ఒకే మనిషి చేత వరసగా రోజులకొద్దీ కొట్టించకుండా వంతులు మార్చడం మంచి మాస్కుకు తక్కువైన రక్షణేమీ కాదు.

మందు ముక్కు నుంచే లోపలికి పోతుందని అనుకోవడం వల్ల అందరూ ముఖానికి దస్తీ కట్టుకుంటారు. పొలంలో కొట్టేటప్పుడు ఎక్కువ మందు ఎక్కేది చర్మం నుంచి. ఒంట్లో అన్ని చోట్లా చర్మం ఒకేలా పీల్చదు. ముంజేతితో పోలిస్తే మర్మాంగాల దగ్గరి చర్మం పది రెట్లకు పైగా పీల్చుకుంటుంది. వీపు మీది పంపు మూత దగ్గర కారితే ఆ నీళ్లు వెన్నుపూస వెంట నడుము దాకా, అక్కడి నుంచి గజ్జల్లోకి దిగుతాయి. లోబట్ట తడిసి, ఆరు గంటలు అలాగే ఒంటికి అంటుకుని ఉంటుంది. ముఖానికి కట్టిన దస్తీ కూడా తడిశాక మందును ముక్కుకూ నోటికీ అంటించి ఉంచే గుడ్డ అవుతుంది. అది తడిస్తే తీసేసి పొడిది కట్టుకోవాలి. ఆవిరిని ఆపాలంటే యాక్టివేటెడ్ కార్బన్ ఉన్న మాస్కే కావాలి.

సీజన్ మొదట్లో పంపు నిండా మంచినీళ్లు పోసి, పొడి బనియన్‌తో పది నిమిషాలు నడుస్తూ కొట్టి చూడాలి. వీపు తడిసిందంటే ఆ పంపు మందుకు పనికిరాదు. మూత లోపలి వాషరు, పైపు బిగించే చోట క్లిప్పు, ట్రిగ్గర్ దగ్గరి రబ్బరు చాలావరకు కారే చోట్లు ఇవే. వీటికయ్యే ఖర్చు ఒక కూలి కంటే తక్కువ. నాజిల్‌కు అడ్డం పడితే నోటితో ఊదకూడదు. సన్న పుల్లతోనో పాత టూత్‌బ్రష్‌తోనో తీయాలి. పంపుతో పాటు ఒక స్పేర్ నాజిల్ పెట్టుకుంటే ఆ అవసరమే రాదు.

ఇక మోతాదు. లేబుల్ మీద అది ఎకరానికో హెక్టారుకో రాసి ఉంటుంది. చేతికొచ్చేసరికి అది ‘పంపుకు రెండు మూతలు’ అయిపోతుంది. ఎకరానికి 400 మిల్లీలీటర్ల మందు, 200 లీటర్ల నీళ్లు అనుకుందాం. 16 లీటర్ల చేతిపంపులు పన్నెండున్నర పడతాయి, అంటే పంపుకు 32 మిల్లీలీటర్లు. అదే కొలతతో ధార ఎక్కువున్న బ్యాటరీ పంపు పట్టుకుంటే ఎకరానికి 18 పంపులు పోవచ్చు. అప్పుడు చేనుకు పడే మందు 576 మిల్లీలీటర్లు. కూలీ ఒంటి మీద పడేదీ ఆ లెక్కనే పెరుగుతుంది. పెట్రోల్ పవర్ స్ప్రేయర్‌లో వేరే చిక్కు ఉంది. అది తక్కువ నీళ్లతో పని చేస్తుంది. 60 లీటర్లలోనే 400 మిల్లీలీటర్లు కలిస్తే, ఒంటి మీద పడే ఒక్కో చుక్క మూడు రెట్లకు మించి చిక్కగా ఉంటుంది.

దీన్ని సరిచేయడానికి ఒక్క పూట చాలు. నాలుగు గుంటలు, అంటే ఎకరంలో పదో వంతు, కొలిచి గుర్తు పెట్టండి. రోజూ కొట్టే వేగంతోనే మంచినీళ్లు కొట్టండి. ఎన్ని లీటర్లు పోయాయో చూసి పదితో హెచ్చిస్తే ఎకరానికి పట్టే నీళ్లు తెలుస్తాయి. దాన్ని పంపు లీటర్లతో భాగిస్తే ఎకరానికి పంపులు వస్తాయి. లేబుల్ మోతాదును ఆ పంపుల సంఖ్యతో భాగించి, వచ్చిన అంకెను పంపు మీదే పెయింట్‌తో రాయాలి. మూతతో కొలవడం మానేసి గీతలున్న కొలత గ్లాసు వాడాలి.

దుకాణంవాడు చెప్పాడని రెండు పురుగుమందులు, ఒక టానిక్, ఒక జిగురు కలిపి కొట్టడం బాగా అలవాటైపోయింది. ఒకే జాతి మందులు రెండు కలిస్తే ఎంజైమ్ మీద దెబ్బ కూడుతుంది. నూనెలో కరిగిన మందుకు జిగురు తోడైతే చర్మానికి మరింత అంటుకుంటుంది. మనిషి పడిపోయాక ఏ మందో తెలియక డాక్టర్ ఇబ్బంది పడతాడు. పైన చెప్పిన జాతికి అట్రోపిన్ అనే విరుగుడు పని చేస్తుంది, అన్ని మందులకూ చేయదు. కలుపుమందు పారాక్వాట్‌కైతే విరుగుడే లేదు. డబ్బా మీది రంగు గుర్తును కొనేటప్పుడే చూడాలి. ఎరుపు అత్యంత విషం, తర్వాత వరసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే తక్కువ విషం అనే, విషం లేదని కాదు. ఈ ఊళ్లలో పెద్దలకు తెలుగు చదవడం వస్తే పిల్లలు మరాఠీ బడికి వెళ్తున్నారు. డబ్బాతో వచ్చే కాగితాన్ని ఇంట్లో ఏ భాష ఎవరికి వస్తే వాళ్ల చేత, సీల్ తీయకముందే చదివించుకోవాలి.

చేతి తొడుగులు నైట్రైల్ రబ్బరువి అయితే మేలు. చెట్టు నడుము ఎత్తులోపు ఉంటే చొక్కా చెయ్యి తొడుగు మీదికి రావాలి. గన్ పైకెత్తి కొట్టాల్సి వస్తే చొక్కా చెయ్యి తొడుగు లోపలికి పోవాలి, తొడుగు అంచును బయటికి మడవాలి. లేకపోతే మందు మోచేతి దాకా జారుతుంది. ప్యాంటు ఎప్పుడూ గంబూటు బయటే ఉండాలి. తొడుగులు తీసే ముందు వాటితోనే చేతులు సబ్బుతో కడగాలి. ఎండలో ఒళ్లంతా ప్లాస్టిక్ కప్పుకుంటే వడదెబ్బ తగులుతుంది. నిండు చేతుల నూలు చొక్కా వేసుకుని, వీపుకూ నడుముకూ మాత్రం ప్లాస్టిక్ షీటు కట్టుకుంటే పని నడుస్తుంది. గాలి పక్క నుంచో వెనక నుంచో రావాలి. మందు కొట్టేసిన సాళ్లలోకి మళ్లీ నడవకూడదు.

కొట్టిన మర్నాడే కలుపుకు వచ్చే ఆడవాళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆకు మీద మందు ఇంకా ఉంటుంది. వాళ్లకు తొడుగులు ఉండవు, మోకాళ్ల దాకా చీర తడుస్తుంది. సాయంత్రం తలనొప్పి, వాంతి వస్తే ఎండదెబ్బ అనుకుంటారు. లేబుల్ మీద ఎన్నాళ్లు చేనులోకి పోవద్దని ఉందో చూడాలి. అది లేకపోతే కనీసం రెండు రోజులు కలుపు వాయిదా వేయాలి. పొలం యజమాని ఒక్కడు తలచుకుంటే అయ్యే పని ఇది.

ఎవరైనా పడిపోతే ముందు తడి బట్టలు తీసేయాలి. జుట్టూ గోళ్లూ వదలకుండా సబ్బుతో కడగాలి. కడిగేవాళ్లూ తొడుగులు వేసుకోవాలి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకూడదు. స్పృహ లేకపోతే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. కొట్టిన మందుల డబ్బాలన్నీ, కనీసం వాటి ఫోటోలు, వెంట తీసుకెళ్లాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117. డాక్టర్ కూడా ఆ నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు.

నూర్పిడి మిషన్, ట్రాక్టర్ షాఫ్టు

దసరా, దీపావళి మధ్య సోయా కోతలు, శనగ విత్తనం రెండూ నెత్తి మీద ఉంటాయి. నూర్పిడి మిషన్‌వాడికి బస్తాల లెక్కన డబ్బు. అందుకే చేను నుంచి చేనుకు రాత్రంతా తిరుగుతాడు. మిషన్ ఎంత వేగంగా మింగితే అతనికి అంత లాభం. నోరు చిన్నగా, తొట్టి పొడుగ్గా ఉంటే మింగడం నెమ్మదిస్తుందని ఆ తొట్టిని కత్తిరించేవాళ్లున్నారు. చేతులు పోయేది అక్కడే.

భారతీయ ప్రమాణం ప్రకారం పంట వేసే తొట్టి పొడవు కనీసం 90 సెంటీమీటర్లు ఉండాలి. అందులో పంటను నలిపే డ్రమ్ము వైపు 45 సెంటీమీటర్ల మేర పైన మూత ఉండాలి. ఈ అంకెల్లో ఒక లెక్క ఉంది. భుజం నుంచి వేలికొస వరకు పెద్దవాళ్ల చెయ్యి సుమారు 70 నుంచి 75 సెంటీమీటర్లు. తొట్టి 90 ఉంటే, బయట నిలబడినవాడు భుజం దాకా చెయ్యి పెట్టినా వేలు డ్రమ్ముకు తగలదు. తొట్టి 50కి కోస్తే మోచేతికి కాస్త పైదాకా లోపలికి పోతే చాలు. పళ్ల డ్రమ్ము అంచు వేగం సెకనుకు పది మీటర్లు దాటుతుంది. వేలు తగిలిందని మెదడుకు తెలిసేలోపు మణికట్టు లోపల ఉంటుంది.

మిషన్ బాడుగకు మాట్లాడేటప్పుడే టేపు తీసి తొట్టి కొలవండి. 1983 నాటి ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం వచ్చిందే ఇలాంటి యంత్రాల కోసం. యంత్రం ఎలా ఉండాలో, దెబ్బతిన్న కూలీకి పరిహారం ఎవరిదో అందులో ఉంది. ఊళ్లో పదిమంది రైతులు ‘తొట్టి కోసిన మిషన్ మా చేలోకి రాదు’ అంటే, మరుసటి సీజన్‌కు వెల్డింగ్ షాపులోనే ఆ తొట్టి మళ్లీ పొడుగవుతుంది.

పచ్చి కట్టె ఇంకో ముప్పు. పూర్తిగా ఎండని సోయా కాడ డ్రమ్ముకు చుట్టుకుని మిషన్ మొరాయిస్తుంది. అప్పుడు చేత్తోనో కాలితోనో నెడతారు. చుట్టుకున్నది ఒక్కసారిగా విడిపోగానే చెయ్యిని కూడా లాక్కుంటుంది. నెట్టడానికి మీటరు పొడుగు కర్ర మిషన్‌కు గొలుసుతో కట్టి ఉండాలి. అడ్డం తీయాలంటే ట్రాక్టర్ ఇంజన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకోవాలి. బెల్టు తీసినా డ్రమ్ము బరువుకు కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా ఆగాకే చెయ్యి పెట్టాలి. కుప్ప మీద నిలబడి కిందికి వంగి వేయకూడదు, తొట్టి మోచేతి ఎత్తులో ఉండాలి. గాజులు, కడియం, వదులు చేతుల చొక్కా, వేలాడే పైట, మెడలో తువాలు పనికిరావు.

ట్రాక్టర్ నుంచి మిషన్‌కు తిరిగే పీటీఓ షాఫ్టు చేతినేం కోయదు, బట్టను చుట్టుకుంటుంది. నిమిషానికి 540 చుట్లంటే సెకనుకు తొమ్మిది. షాఫ్టు చుట్టుకొలత 25 సెంటీమీటర్లనుకుంటే, సెకనుకు రెండు మీటర్లకు పైగా బట్ట లోపలికి పోతుంది. పైట కొస తగిలితే అయిదున్నర మీటర్ల చీర రెండున్నర సెకన్లలో చుట్టుకుపోతుంది. పట్టుకుని లాగే బలం ఎవరికీ ఉండదు. ఆ షాఫ్టు మీద ప్లాస్టిక్ గొట్టం లాంటి తొడుగు కంపెనీయే ఇస్తుంది. అది పగిలిందని తీసి పారేసి, కొత్తది వేయించకపోవడం మామూలైంది. తొడుగు లేని షాఫ్టును మిషన్ నడుస్తుండగా దాటనే కూడదు.

వేలు తెగితే రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. తెగిన ముక్కను మంచినీళ్లతో కడిగి, తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి, ఆ సంచిని ఐస్ నీళ్లలో పెట్టాలి. ముక్కను నేరుగా ఐస్ మీద పెడితే గడ్డకట్టి పాడవుతుంది. అతికించే సర్జరీ నాగ్‌పుర్, హైదరాబాద్ లాంటి చోట్లే దొరుకుతుంది. దారిలో రెండు మూడు చిన్న దవాఖానాల్లో ఆగితే ఆ గంటలు దారిలోనే పోతాయి.

ట్రాక్టర్ మీద, ట్రాలీలో

2025 ఏప్రిల్ 4న నాందేడ్ జిల్లా ఆలేగావ్ శివారులో కూలీలను తీసుకెళ్తున్న ట్రాక్టర్ బావిలో పడి ఏడుగురు ఆడవాళ్లు చనిపోయారు. కూలి పనికి ట్రాలీలో వెళ్లడం మన వైపు అన్ని ఊళ్లలో ఉంది. ట్రాలీకి సొంత బ్రేకులు ఉండవు. కూర్చునేవాళ్లకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. సరుకు కోసం తీసుకున్న ఇన్సూరెన్స్ కూలీల పరిహారం దగ్గర కోర్టు దాకా వెళ్లే గొడవ అవుతుంది. చేను దారి పక్కన గోడ లేని పాత బావి ఉంటే, దాని చుట్టూ మనిషి నడుమెత్తు గోడ కట్టేదాకా కనీసం పెద్ద రాళ్లు పేర్చి సున్నం పూయాలి. వానలకు గడ్డి పెరిగితే పగలు కూడా బావి అంచు కనబడదు.

ట్రాక్టర్ వెనక్కి లేవడం గురించి డ్రైవర్లకు తప్పక తెలియాలి. బురదలో చక్రం కూరుకుపోయినప్పుడు, వెనకున్న మొద్దును లాగుతున్నప్పుడు, గొలుసును హిచ్‌కు కాకుండా పైనున్న టాప్ లింకుకు కడితే ముందు చక్రాలు లేస్తాయి. లేవడం మొదలయ్యాక ముప్పావు సెకను దాటితే ఇక ఆపలేం. క్లచ్ తొక్కాలని తోచేలోపే సమయం అయిపోతుంది. గొలుసు ఎప్పుడూ కిందున్న డ్రాబార్‌కే కట్టాలి. రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడళ్లనూ కొక్కెంతో కలపాలి. ఒక్కటే పడితే ట్రాక్టర్ అటే తిరిగి బోల్తా పడుతుంది. దిగుడులో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదలకూడదు. మడ్‌గార్డు మీద ఎవర్నీ కూర్చోబెట్టకూడదు, సొంత పిల్లల్నైనా సరే.

రాత్రి కరెంటు

ఇటు మహారాష్ట్రలో వ్యవసాయ ఫీడర్లలో (పొలాలకు కరెంటు తెచ్చే లైన్లలో) త్రీ ఫేజ్ కొన్ని రోజులు పగలు, కొన్ని రోజులు రాత్రి వస్తుంది. పెన్‌గంగ అవతల తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇస్తున్నారు. ఒకే కుటుంబంలో అటు అన్నకు పగలే నీళ్లు పారితే, ఇటు తమ్ముడు అర్ధరాత్రి టార్చి పట్టుకుని మోటర్ దగ్గరికి పోవాలి. తడి మడి, చీకటి, పాత స్టార్టర్ డబ్బా అన్నీ ఒకేచోట కలుస్తాయి. పగటి కరెంటు అడగడం సౌకర్యం కోసం కాదు, ప్రాణం కోసం. సౌర ఫీడర్ల పథకం మీ ఊరికి ఎప్పుడొస్తుందని గ్రామసభలో లిఖితపూర్వకంగా అడగాలి.

ఫ్యూజు ఉంది కదా అన్న ధైర్యం తప్పు. 5 హెచ్‌పీ మోటర్ ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది, ఫ్యూజు అంతకు పైన ఉంటుంది. తడి ఒంటి గుండా పోయే కరెంటు 0.2 ఆంపియర్ల దరిదాపుల్లో ఉంటుంది. గుండె ఆగడానికి అది చాలు, ఫ్యూజుకు మాత్రం తెలియనే తెలియదు. మనిషిని కాపాడేవి వేరే రెండున్నాయి, ఎర్తింగు, కరెంటు బయటికి కారగానే లైను ఆపే లీకేజీ బ్రేకరు.

ఎర్తింగు లెక్క చూడండి. మోటర్ బాడీకి ఫేజు తగిలిందనుకోండి. డీపీ (ట్రాన్స్‌ఫార్మర్) దగ్గరా, మోటర్ దగ్గరా కలిపి ఎర్తు నిరోధం 5 ఓములుంటే 230ని 5తో భాగించగా 46 ఆంపియర్లు పారి ఫ్యూజు వెంటనే ఎగిరిపోతుంది. అదే 50 ఓములుంటే పారేది 4.6 ఆంపియర్లే. ఫ్యూజు కదలదు, బాడీలో కరెంటు అలాగే ఉండిపోతుంది, రాత్రి మోటర్ మీద చెయ్యి వేసినవాడికి తగులుతుంది. పేరుకు ఒక ఇనుప చువ్వ గుచ్చితే ఎర్తు కాదు. రెండున్నర మీటర్ల జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు, పైన నీళ్లు పోసే గరాటు ఉండాలి. మార్చి తర్వాత ఆ గుంట ఎండిపోతుంది కాబట్టి వారానికోసారి నీళ్లు పోయాలి. 30 మిల్లీఆంపియర్ల లీకేజీ బ్రేకరును స్టార్టర్ ముందు ఎలక్ట్రీషియన్ చేత పెట్టించి, నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడాలి.

స్టార్టర్‌కు ఆటో స్విచ్ ఉంటే కరెంటు రాగానే మోటర్ దానంతట అదే మొదలవుతుంది. కరెంటు లేదు కదా అని వైరు పట్టుకున్నవాడి ప్రాణం అలా పోతుంది. మెయిన్ తీసి, ఫ్యూజు క్యారియర్లు ఊడదీసి జేబులో వేసుకున్నాకే పని మొదలుపెట్టాలి. డీపీ దగ్గర లైను ఆపే ఏబీ స్విచ్ దించినా మూడు బ్లేడ్లలో ఒకటి అతుక్కుని ఉండవచ్చు. డీపీ ఎక్కే పని వైర్‌మ్యాన్‌దే. అతను రెండు రోజులు రాకపోతే ఫిర్యాదు రాయించాలి తప్ప ఎక్కకూడదు.

అడవి పందుల కోసం కంచెకు నేరుగా కరెంటు పెట్టడం చంద్రపుర్, గడ్చిరోలి వైపు మనుషులనూ పులులనూ చంపింది. ఆ తీగలో 230 వోల్టుల కరెంటు ఆగకుండా ఉంటుంది. తగిలిన చేతి కండరం బిగుసుకుని వదలదు. సౌర కంచె యంత్రం వేరు. అది దాదాపు సెకనుకోసారి, కనురెప్ప పాటు కూడా ఉండని చిన్న దెబ్బ వేస్తుంది, జంతువు ఉలిక్కిపడి వెనక్కి పోతుంది. అడవి అంచు ఊళ్లకు శ్యామాప్రసాద్ ముఖర్జీ జన్-వన్ వికాస్ యోజనలో దీనికి సబ్సిడీ ఉంది. పందులు పాడుచేసిన పంటకు అటవీ శాఖ పరిహారమూ ఉంది. దొంగ తీగ పెట్టినవాడి చేనులో రాత్రి మోటర్‌కు పోయే పక్క రైతే ఎక్కువగా చిక్కుతాడు. ఈ ఒక్క విషయంలో ఊరి పెద్దలు మొహమాటపడకూడదు.

ఎవరికైనా షాక్ తగిలితే ముందు మెయిన్ తీయాలి. అది కుదరకపోతే పొడి కర్రతో వైరును తప్పించాలి. ఊపిరి లేకపోతే రొమ్ము మధ్య రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతుగా నొక్కుతూ ఉండాలి. ఇసుకలో పాతిపెట్టడం వల్ల విలువైన నిమిషాలు పోవడమే తప్ప లాభం లేదు.

రాత్రి నీళ్లకు పోయేవాళ్లకు పాము రెండో ముప్పు. గంబూటు, టార్చి, ముందు నేలను తట్టే కర్ర ఉండాలి. చేనులో నేల మీద పడుకోకూడదు. కట్లపాము కాటుకు నొప్పి, వాపు ఉండకపోవచ్చు. తెల్లారాక కడుపునొప్పి, కనురెప్పలు వాలడం మొదలవుతాయి. కోయడం, తాడు బిగించడం, మంత్రం పెట్టించడం వద్దు. కాలు కదలకుండా కర్రకు కట్టి, విషవిరుగుడు ఇంజెక్షన్ ఉన్న దవాఖానకు పోవాలి.

సరిహద్దు మీద 108, కాగితాలు

నది ఒడ్డు ఊళ్లలో ఫోన్ అవతలి రాష్ట్రం టవర్ పట్టుకుంటే 108 కాల్ అటే పోవచ్చు. అందుకని మొదటి మాటగా రాష్ట్రం, జిల్లా, తాలూకా చెప్పాలి. సిరోంచా నుంచి గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు. ఆ వైపు వాళ్లు వంతెన దాటి తెలంగాణ దవాఖానాలకే పోతారు, పోవాలి కూడా. అలా పోయినప్పుడు ఆస్పత్రిలో ‘పొలంలో పని చేస్తుండగా’ అని, ఎలా జరిగిందో సరిగ్గా ఎంఎల్‌సీలో (పోలీసు కేసు కోసం ఆస్పత్రి రాసే కాగితంలో) రాయించాలి. ఊళ్లో పోలీసుల తరఫున ఉండే పోలీస్ పాటిల్‌కు అదే రోజు చెప్పి, స్థల పంచనామా జరిగేలా చూడాలి. రెండు రాష్ట్రాల కాగితాల్లో తేదీ, పేరు, ఊరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక రాస్తే దరఖాస్తు తిరుగుతూనే ఉంటుంది.

మహారాష్ట్రలో సాత్‌బారా (భూమి హక్కు కాగితం) ఉన్న రైతుకూ, ఆ ఇంట్లో ఇంకొకరికీ గోపీనాథ్ ముండే రైతు ప్రమాద సురక్ష పథకం ఉంది. వయసు 10 నుంచి 75. ప్రమాదంలో చనిపోయినా, రెండు కళ్లు లేదా రెండు అవయవాలు పోయినా 2 లక్షల రూపాయలు, ఒక కన్ను లేదా ఒక అవయవం పోతే 1 లక్ష. కరెంటు షాక్, పాముకాటు, పిడుగు, మందు కొడుతూ విషం ఎక్కడం అన్నీ ఇందులో వస్తాయి. 30 రోజుల్లో తాలూకా వ్యవసాయ అధికారికి దరఖాస్తు ఇవ్వాలి. సాత్‌బారా, తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) ఇచ్చే వారసుల పత్రం, పోలీసు కాగితాలు, పోస్ట్‌మార్టం రిపోర్టు జత చేయాలి. దుఃఖంలో ఉన్న ఇంటివాళ్లకు పదో రోజు దాకా ఇది తోచదు. అందుకే చదువుకున్న చుట్టమో పక్కింటివాడో మొదటి వారంలోనే ఫైలు కట్టాలి.

సాత్‌బారా లేని కౌలు రైతుకూ, కూలీకీ ఈ పథకం అందదు. మందు కొట్టేది, మిషన్‌కు కట్టెలు వేసేది, ట్రాలీలో ఎక్కేది ఎక్కువగా వాళ్లే. వాళ్లకు అందుబాటులో ఉన్నది ప్రధానమంత్రి సురక్ష బీమా. 18 నుంచి 70 ఏళ్ల లోపు, బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లకు ఏడాదికి 20 రూపాయలు. ప్రమాద మరణానికి 2 లక్షలు, ఒక కన్నో చెయ్యో కాలో పోతే 1 లక్ష. మీ చేనుకు ఏటా వచ్చే కూలీలు పదిమంది ఉంటే, అందరికీ కలిపి అయ్యేది 200 రూపాయలు. ఆ డబ్బు రైతే కట్టడం న్యాయం. బీమా ఏడాది జూన్ 1 నుంచి మే 31 దాకా. డబ్బు ఖాతా నుంచి దానంతట అదే కట్ అవుతుంది కాబట్టి మే మూడో వారంలోనే కూలీల పాస్‌బుక్కులు అడిగి, ఖాతాలో ఆ 20 రూపాయలున్నాయో లేదో చూడాలి. ఆ సమయానికి ఖాతా ఖాళీగా ఉంటే బీమా ఆగిపోతుంది. ఆ తర్వాత నెలరోజులకే పత్తికి మొదటి మందు కొట్టే పని మొదలవుతుంది.